బొడ్డుతాడు సాక్ష్యం

ఫిబ్రవరి 10

ఇవాళ్టి నుంచి రాస్తాను. మాట్లాడితే గొంతు పెరుగుతోంది. గొంతు పెరిగితే జనం లేచి వెళ్ళిపోతున్నారు.

జీతం వచ్చింది. అందులో నాలుగో వంతు నా చేతికి రాకుండానే పిల్లాడి భరణం కింద బెగాయిమ్ ఖాతాలోకి పోయింది. దాని గురించి నాకు ఏ బాధా లేదు. కన్నవాడు పోషించాలి. ఆ చట్టం నన్ను రాయమన్నా అలాగే రాసేవాణ్ణి. మేమిద్దరం విడిపోయిన రోజు కోర్టులో కూడా ఈ మాటే అన్నాను, గట్టిగానే అన్నాను.

అసలు రాయాల్సింది ఇది కాదు. కుట్టు కార్ఖానాలో టీ తాగుతుంటే ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి తలాంత్ అన్న అడిగాడు.

"ఒరే ఎర్మెక్, నువ్వు రష్యా నుంచి ఎప్పుడొచ్చావురా?"

"ముందటేడు జూలై ఆఖర్లో."

"పిల్లాడు?"

"పోయిన మార్చిలో."

వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. "మా ఊరి మేకలు కూడా ఇంత తొందరపడవురా."

కుట్టుమిషన్ల దగ్గర ఆడవాళ్ళంతా నవ్వారు. నెలలు నిండకుండా పుట్టాడని చెప్పాను. "నిండకుండానే అంత బొద్దుగానా? నిండి ఉంటే నడుచుకుంటూ వచ్చేవాడేమో" అన్నాడు. టీ కప్పు విసిరేశాను. గోడకి తగిలింది. తలాంత్ అన్నకి తగల్లేదు. తగలాలని విసరలేదు కూడా.

ఆ తర్వాత కోతబల్ల దగ్గరికి వెళ్ళి, పొరలు పరిచి, సుద్దగీత గీసి, కరెంటు కత్తి నడిపాను. సాయంత్రం లెక్క చూస్తే జాకెట్ చేతులన్నీ ఎడమచేతివే కోశాను. కుడిచెయ్యి ఒక్కటీ లేదు.

ఫిబ్రవరి 11

ఇది డబ్బు గురించి కాదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

పిల్లాడు సంజార్‌ని చూసొచ్చాను. వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో, ఎప్పట్లాగే. సోఫా అంచు పట్టుకుని నిలబడుతున్నాడు, వదిలేస్తే చతికిలబడుతున్నాడు. కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. నా చెప్పు కూడా పెట్టుకున్నాడు.

వాడి చెవులు చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను. పైకి విచ్చుకుని ఉన్నాయి. నావి తలకి అతుక్కుని ఉంటాయి. మా నాన్నవీ అంతే.

"ఏంటలా సంతలో గొర్రెపిల్లను చూసినట్టు చూస్తావు?" అంది అత్తయ్య. ఆమెని ఇంకా అత్తయ్య అనే రాస్తున్నాను. దమీరా అని రాయాలి. అలవాటు పోవడం లేదు. "పళ్ళు కూడా చూడు. నాలుగొచ్చాయి. కొంటావా?"

బెగాయిమ్ వంటింట్లోంచి రాలేదు. గిన్నెలు కడుగుతున్న చప్పుడు మాత్రం నేనున్నంతసేపూ వచ్చింది. ఆ ఇంట్లో అన్ని గిన్నెలు లేవు.

ఫిబ్రవరి 24

బజారు దగ్గర సొరంగం దారిలో ఒకతను కరపత్రాలు పంచుతున్నాడు. "తండ్రీ, మేలుకో!" అని పైన. మామూలుగా అయితే ఇలాంటివి చదవను, ఇవి అభివృద్ధి నిరోధకుల రాతలు. కానీ ఎదుటివాడి వాదం చదవకుండా తిట్టడం నిజాయితీ కాదు. చదివాను.

సగం చెత్త. రెండో సగంలో ఒక మాట ఉంది: సందేహంతో బతికేవాడు బానిస, పరీక్ష చేయించుకున్నవాడు స్వతంత్రుడు. ఈ మాట ఎవరు రాసినా సరైనదే. విజ్ఞానానికి పార్టీ లేదు.

నా పెళ్ళిలో నేను చేసిన ప్రసంగం గుర్తొచ్చింది. పెద్దలంతా వరసగా కూచుని, పెళ్ళికొడుకు తన ఏడు తరాల తాతల పేర్లు చెప్పాలన్నారు. నేను లేచి, మనిషికి ఏడుగురు తాతల పేర్లు తెలియక్కర్లేదు, ఏడు పుస్తకాలు తెలిస్తే చాలు, రక్తం పేరుతో మనుషుల్ని కొలిచే రోజులు పోయాయి అన్నాను. మా నాన్న ముఖం నల్లబడింది. బెగాయిమ్ మాత్రం మేలిముసుగు కిందనుంచి నవ్వింది. నాకు కనిపించింది.

ఇప్పుడు నేను అడుగుతున్నది రక్తం కాదు, నిజం. తేడా ఉంది. స్పష్టమైన తేడా.

మార్చి 2, ఆదివారం

ఒక ప్రైవేటు ల్యాబులో కనుక్కున్నాను. పిల్లాడి బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది తెస్తే చాలట.

దూదిపుల్ల జేబులో పెట్టుకుని వెళ్ళాను. దమీరా టీ పొయ్యడానికి లేచింది. దూదిపుల్ల వాడి నోట్లో పెట్టాను. వాడు కొరికి పట్టుకున్నాడు. ఆ నాలుగు పళ్ళకీ అంత బలం ఎక్కడిదో! లాగుతుంటే పుల్ల విరిగింది, దూది లోపలే ఉండిపోయింది. వాడు దాన్ని నములుతూ నా కళ్ళలోకి చూశాడు.

"వాడి నోట్లో ఏంటది?"

"ఏమీ లేదు."

దమీరా వేలు పెట్టి దూది తీసింది. దాన్ని చూసింది, నన్ను చూసింది. "చెవిలో పెట్టుకునేది నోట్లో పెడతారా? ఇన్ని చదివావు, పిల్లాడికి ఏ కంత ఎక్కడుందో తెలీదు."

నవ్వుతూనే అంది. ఆమెకి ఏమీ అర్థం కాలేదనుకుంటాను. దొంగలా చేయాల్సి వచ్చినందుకు సిగ్గేసింది. కానీ దొంగతనం నేను మొదలుపెట్టలేదు. నిజాన్ని ముందు ఎవరో దాచారు. దాచి ఉంటే.

మార్చి 5

ఉయ్యాల!

బెగాయిమ్ వెళ్ళిపోయినప్పటి నుంచీ మా ఇంటి చెక్క ఉయ్యాల నా గదిలోనే పడి ఉంది, దాని మీద బట్టలు ఆరేస్తున్నాను. పై కర్రకి ఒక ఎర్రగుడ్డ సంచి, బొటనవేలంత, కుట్టి కట్టి ఉంది. అందులో ఏముందో మా ప్రాంతంలో ఎవరికైనా తెలుసు. ఊడిన బొడ్డుతాడు. తల్లులు ఎండబెట్టి కడతారు. ఈ ఉయ్యాల్లో ఆఖరున పడుకున్నది సంజార్.

ఇన్నాళ్ళూ దీన్ని చూసి పాతకాలపు చాదస్తం అని నవ్వాను. చాదస్తం కూడా ఒక్కోసారి విజ్ఞానానికి పనికొస్తుంది. దీని మీద ఒక వ్యాసం రాయొచ్చు.

కుట్టు విప్పాను. చాలా చిన్న కుట్లు. అంత ఓపిగ్గా ఎవరు కుట్టారో. లోపల ఎండు మాంసం ముక్కలా ఉంది, నల్లగా, తేలిగ్గా.

ల్యాబు కౌంటర్లో అమ్మాయి దాన్ని తిప్పి చూసి, "ఎంత ఎండినా ఫర్వాలేదు. కాకపోతే చిన్న ముక్క కదా, మొత్తం నూరేయాల్సి వస్తుంది. తిరిగి ఇవ్వలేం. సరేనా?" అంది.

"మాకు అక్కర్లేదు" అన్నాను. సంతకం పెట్టాను. నా బుగ్గలో దూది వాళ్ళే రుద్దారు.

మార్చి 8

మహిళా దినోత్సవం. కార్ఖానాలో అందరికీ పూలు. నేను కూడా పసుపు తులిప్ పూలు కొన్నాను. ఎందుకు కొన్నానో తెలీదు. బెగాయిమ్ వాళ్ళ వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, ఇంటావిడకి ఇచ్చాను. ఆవిడ ఈ నెల అద్దె కూడా దాంతోనే సరిపెట్టుకోమంటావా అంది.

మార్చి 27

కాదట.

నేను తండ్రిని కాదట. పెద్ద పట్టిక, దాని నిండా అంకెలు, అక్షరాలు. అవేమీ నాకు అక్కర్లేదు. కింద ఒక్క వాక్యం ఉంది. అది చాలు.

వెంటనే బెగాయిమ్‌కి ఫోన్ చేశాను. కార్ఖానా వాకిట్లో నిలబడి, అందరూ వింటుండగా. వినాలనే. నన్ను చూసి నవ్వినవాళ్ళందరూ వినాలనే. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. మోసం అన్నాను. పరాయి బిడ్డ అన్నాను. ఇంకోటి కూడా అన్నాను. అది ఇక్కడ రాయను.

ఆమె అంతా విన్నది.

"మాట్లాడవేం? నిజమా అబద్ధమా చెప్పు!"

"నువ్వు అడగలేదుగా ఎర్మెక్. చెప్పావు" అని పెట్టేసింది.

తలాంత్ అన్న వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే, నేనేదో మేక అన్నాను గానీ..." అన్నాడు. చెయ్యి తోసేశాను.

మార్చి 28

నాన్నకి చెప్పాను. కొచ్కోర్ కొండల్లో మా ఊళ్ళో ఫోన్ సరిగ్గా అందదు, మళ్ళీ మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నా కొడుకు కాదు, నాన్నా. కాదు. కా-దు.

"వాణ్ణి నేను గుర్రం మీద కూచోబెట్టాను కదరా."

"అయితే ఏంటి?"

"కూచున్నాడు. ఏడవలేదు."

అది సాక్ష్యమా? అది వాదమా? ఇలాంటివాళ్ళతో ఈ దేశం ఎప్పుడు ముందుకెళ్తుంది?

ఏప్రిల్ 3

కోర్టులో కేసు వేశాను. తండ్రిగా నా పేరు కొట్టేయాలి, భరణం ఆపాలి. దరఖాస్తు నేనే రాసుకున్నాను, వకీలు అక్కర్లేదు. రాసింది రెండుసార్లు పైకి చదువుకున్నాను. బాగా వచ్చింది.

కేసు తేలేదాకా భరణం కట్టాల్సిందేనట. కడతాను. చట్టాన్ని గౌరవిస్తాను.

ఏప్రిల్ 6, ఆదివారం

వెళ్ళలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

వెళ్ళలేదు. వెళ్ళాల్సిన పనేముంది.

ఏప్రిల్ 20, ఆదివారం

ఒక పాత దోస్తుని కలుద్దామని బస్సెక్కాను. అది వాళ్ళ వీధి మీదుగానే పోతుంది, నేనేం చెయ్యను. ఆ స్టాపులో దిగలేదు. తర్వాతి స్టాపులో దిగి, కాసేపు నిలబడి, వచ్చేశాను. దోస్తు ఊళ్ళో లేడని తర్వాత గుర్తొచ్చింది.

ఏప్రిల్ 27, ఆదివారం

వెళ్ళలేదు. చదువుకున్నాను. ఆస్తి, కుటుంబం, స్వేచ్ఛ మీద చిన్న పుస్తకం. ఒక పేజీనే నాలుగైదుసార్లు చదివాను. మంచి పేజీ.

మే 14

ఇవాళ కోర్టులో విచారణ. మొత్తం రాయాలి. వరసగా రాయాలి.

బెగాయిమ్ వకీలు లేకుండా వచ్చింది, వాళ్ళమ్మతో. పిల్లాణ్ణి ఎవరి దగ్గర వదిలారో. జడ్జి ఒక పెద్దావిడ, కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేసుకుంది. నా కాగితం చూసింది.

బెగాయిమ్ లేచింది. "ఒక్కటే అడుగుతాను. మా వాడి నమూనా ఇతను ఎప్పుడు తీసుకున్నాడు? దూదిపుల్ల పట్టుకొచ్చిన రోజు మా అమ్మ దగ్గరే ఉంది, దాన్ని లాక్కుంది."

అంటే అత్తయ్యకి ఆ రోజే అర్థమైంది!

నేను లేచి చెప్పాను. దాచాల్సిందేమీ లేదు. ఉయ్యాల, ఎర్రసంచి, బొడ్డుతాడు, ల్యాబు. బొడ్డుతాడు ఎంత పాతదైనా పరీక్షకి పనికొస్తుందని వివరించాను. వివరిస్తుండగా గది మారిపోయింది. ముందు గుమాస్తా పిల్ల తల దించుకుంది, భుజాలు కదులుతున్నాయి. జడ్జి కళ్ళజోడు తీసింది.

దమీరా కూచున్న చోటి నుంచే అందుకుంది. "మగపిల్లాడి బొడ్డు ఇంట్లో ఎవడు దాస్తాడురా, తెలివితక్కువవాడా! మగాడు గడప దాటి పోవాల్సినవాడని గుర్రం జూలుకి కట్టి వదిలేస్తారు. ఇంట్లో ఉంచేది ఆడపిల్లది!"

"అమ్మా, ఇది కోర్టు. నిదానంగా" అంది జడ్జి. ఆవిడ పెదాలు కూడా బిగబట్టుకుని ఉన్నాయి.

"సంజార్‌ది మీ నాన్నే కట్టాడు, ఆ బూడిదరంగు గుర్రానికి" అంది బెగాయిమ్. నవ్వలేదు. "నువ్వు అక్కడే ఉన్నావు. మెట్ల మీద కూచుని ఏదో కరపత్రం చదువుతున్నావు. మీ నాన్న రమ్మంటే, మూఢనమ్మకాలకి నేను రాను అన్నావు. తల కూడా ఎత్తలేదు."

ఉన్నానా? ఉండే ఉంటాను. కరపత్రం గుర్తుంది, నీటి హక్కుల గురించి.

జడ్జి నా కాగితం మీద వేలు పెట్టింది. పట్టికలో ఒక వరస ఉందట, అందులో నమూనా ఆడదో మగదో రాసి ఉంటుందట. ఆడ అని ఉంది. నెలన్నరగా నా జేబులో ఉన్న కాగితం. కింది వాక్యం తప్ప ఏమీ చదవలేదు.

"ప్రభుత్వ నిపుణుల దగ్గర అందరికీ మళ్ళీ పరీక్ష చేయించండి" అంది. "ఈసారి మనుషుల దగ్గర్నుంచి తీసుకోండి."

బయటికొచ్చాక అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, ఉయ్యాలకి కట్టిన ఎర్రసంచిలో ఉన్నది ఎవరిది?"

"ఎందుకు?"

చెప్పాను.

అటు వైపు గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"గుల్‌జాన్‌ది" అంది.

గుల్‌జాన్ నాకు అక్క. నేను పుట్టకముందు, తన మొదటి చలికాలమే పోయింది. ఫొటో లేదు. నాకు పేరు మాత్రం తెలుసు.

"నీకు పెళ్ళయ్యాక ఉయ్యాల ఇచ్చేటప్పుడు విప్పుదామనుకున్నాను. మళ్ళీ ఉండనీలే, పిల్లలకి కాపలాగా ఉంటుంది అనిపించింది. నువ్వూ దాని కిందే పడుకున్నావు. నీ కొడుకూ పడుకున్నాడు."

"అమ్మా..."

"ఏమన్నా మిగిలిందా?"

"లేదమ్మా. మొత్తం నూరేశారు."

"సంచి?"

"సంచి ఉంది."

"పారేయకు" అంది. తర్వాత, పొయ్యి మీద పాలున్నాయి, పొంగుతున్నాయి అని పెట్టేసింది. ఆ వేళప్పుడు మా ఇంట్లో పాలు కాచరు.

మే 15

అయినా తర్కం ప్రకారం చూస్తే, నిన్న తేలింది ఒక్కటే. ఆ బొడ్డు సంజార్‌ది కాదని. సంజార్ నా కొడుకని తేలలేదు. ఆ రెండూ వేరు. మొండితనంతో రాయడం లేదు. తర్కం.

మే 16

సంచి కోసం గది అంతా వెతికాను. ఇస్త్రీపెట్టె కింద దొరికింది. కాలింది కొంచెం. కొంచెమే.

మే 29

ప్రభుత్వ పరీక్ష కార్యాలయం. పొడుగు వరండా, ఆకుపచ్చ గోడలు.

సంజార్ నడుస్తున్నాడు.

బెగాయిమ్ వేలు పట్టుకోకుండా, తనంతట తనే, చేతులు పైకెత్తి, తాగినవాడిలా. నా ముందు నుంచే పోయాడు. ఆగి, ఎవరో చూద్దామని చూసి, పోయాడు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఏప్రిల్ నుంచి" అంది దమీరా. బెగాయిమ్ అటు తిరిగి ఉంది. "కాళ్ళ తాడు కోసే పండగ కూడా చేసేశాం. వీధి పిల్లలంతా పరుగు పెట్టారు. గెలిచింది మా పెద్దోడి కూతురు, అదే కోసింది. బోర్సోకు రొట్టెముక్కలు మిగిలిపోయాయి, ఎవరన్నా వస్తారేమోనని కాస్త ఎక్కువ వేయించాంలే."

బిడ్డ మొదటి అడుగులు వేశాక కాళ్ళకి నలుపూ తెలుపూ కలిపి పేనిన తాడు కట్టి, పరుగులో గెలిచినవాళ్ళ చేత కోయిస్తారు. తండ్రి తరఫు వాళ్ళు చేయాల్సిన పండగ. చాదస్తం అనేవాణ్ణి.

నేను బస్సులో ఆ స్టాపు దాటి దిగిన ఆదివారమా? అడగలేదు.

లోపల వాడు నోరు తెరవమనగానే తెరిచాడు. దూదిపుల్లని కొరకలేదు. పెద్దవాడయ్యాడు. నేను ఎందుకో తెరవలేకపోయాను, దవడ బిగుసుకుపోయింది. "కోర్టులో అంత బాగా తెరుచుకుంటుంది కదా" అంది దమీరా తలుపు దగ్గర్నుంచి.

జూన్ 5

నిద్ర సరిగ్గా పట్టడం లేదు. పనిలో కత్తి నడుపుతుంటే ఒకటే ఆలోచన. ఫలితం 'కాదు' అని వస్తే గెలుస్తాను. గెలిస్తే ఆదివారాలు ఉండవు. చట్టప్రకారం నేను ఆ పిల్లాడికి ఎవరినీ కాను, ఆ వీధిలో అడుగుపెట్టే హక్కు కూడా ఉండదు. ఇది ఏప్రిల్‌లోనే ఆలోచించాల్సింది. ఆలోచించాను. అప్పుడు ఇలా అనిపించలేదు.

జూన్ 9

దారి దొరికింది. కేసు వెనక్కి తీసుకుంటాను. ఫలితం తెరవకముందే. రక్తం ఎవరిదైనా సరే, తండ్రితనం ఒక సామాజిక బాధ్యత, దాన్ని నేను స్వచ్ఛందంగా స్వీకరిస్తున్నాను. ఇదే సరైన మార్గం. మొదటి నుంచీ నా సిద్ధాంతం ఇదే కదా! ప్రసంగం రాశాను. చదువుతుంటే నాకే కళ్ళు తడిశాయి.

బెగాయిమ్ కూడా మెత్తబడుతుంది. పెళ్ళిరోజులాగా.

జూన్ 18

ప్రసంగం చేశాను. బాగానే చేశాను. "రక్తం ఎవరిదైనా సరే, సంజార్‌ని నా కొడుకుగా స్వీకరిస్తున్నాను, ఈ కేసు వెనక్కి తీసుకుంటున్నాను" అని ముగించి కూచున్నాను. గుమాస్తా పిల్ల రాయడం ఆపి నన్ను చూసింది. గుండె నిండుగా ఉంది.

జడ్జి బెగాయిమ్ వైపు తిరిగింది. "మీకు అభ్యంతరం లేకపోతే కవరు తెరవకుండానే ముగించేద్దాం."

"ఉంది" అంది.

లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది.

"విన్నారుగా? రక్తం ఎవరిదైనా సరే అంటున్నాడు. ఎవరిదైనా! కార్ఖానా వాకిట్లో నిలబడి ఊరంతా వినేలా నన్ను తిట్టాడు. మా అమ్మ బజారుకెళ్తే కూరగాయలామె దాకా అడుగుతోంది. ఇప్పుడు పెద్దమనసు చేసుకుని పరాయి బిడ్డని పెంచే గొప్పవాడవుతాడు, నేను మాత్రం క్షమించబడ్డదాన్నై ఉండిపోవాలి. నాకొద్దు ఈ పెద్దమనసు." నా వైపు తిరిగింది. "ఏడుగురు తాతలు అక్కర్లేదన్నావు, ఆ మాటకే నిన్ను చేసుకున్నాను. తీరా చూస్తే నా ఒక్క మాట కూడా అక్కర్లేకపోయింది నీకు. తెరవండి మేడమ్. గట్టిగా చదవండి."

నేను ఏదో అనబోయాను. "మీరు కూచోండి" అంది జడ్జి. చాలా మర్యాదగానే అంది.

చదివింది.

నేనే తండ్రిని. సందేహానికి చోటు లేదట.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, లేచి ఎవరినైనా కౌగిలించుకోవాలనిపించింది. చుట్టూ చూశాను. దమీరా తలగుడ్డ సర్దుకుంటోంది. బెగాయిమ్ సంచీలో నీళ్ళసీసా వెతుక్కుంటోంది. వాళ్ళకి అందులో కొత్త సంగతేమీ లేదు. ఆ గదిలో నా ఒక్కడికే కబురు.

వరండాలో వెంటపడ్డాను.

"బెగాయిమ్, ఆగు. నేను..."

"పేరు అలాగే ఉంది. భరణం అలాగే వస్తుంది. ఇంకేం కావాలి?"

"ఆదివారాలు."

నీళ్ళసీసా మూత బిగించింది.

"రా. కింద వాకిట్లోకి. పైకి కాదు. ఇంకో మాట. ఈయన మీ నాన్న అని వాడికి నేను చెప్పను, మా అమ్మ చెప్పదు. నువ్వూ చెప్పకు. వాడికి తోచినప్పుడు, తోచినట్టు పిలుస్తాడు."

అది చట్టవిరుద్ధం. ఏ సెక్షనో కూడా నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది.

"ఏంటి, సెక్షనా?" అంది.

"కాదు" అన్నాను. "వస్తాను."

జూన్ 19

తలాంత్ అన్నకి చెప్పాను, నా కొడుకేనని. "మంచిది" అన్నాడు. మిషన్ల దగ్గర ఎవరూ తల ఎత్తలేదు. ఆ రోజు వాకిట్లో అరిచినప్పుడు అందరూ విన్నారు. ఇవాళ మిషన్లు నడుస్తున్నాయి. ఆపమని అడిగాను. ఆపారు. మళ్ళీ చెప్పాను. ఆమె గురించి నేనన్నది అబద్ధం అని కూడా చెప్పాను. ఒకామె, "సరే బాబూ, విన్నాం, బటన్లు కుట్టుకోవాలి" అంది.

జూన్ 22, ఆదివారం

వెళ్ళాను. వాన. దమీరా కిటికీలోంచి చూసి, "వాడు పడుకున్నాడు. ఉంటావా, పోతావా?" అని అరిచింది. ఉన్నాను. లేచాడట గానీ వాన తగ్గలేదు, దింపలేదు. తడిసిపోయి వచ్చాను.

అమ్మకి ఫోన్ చేశాను. నా కొడుకే అని చెప్పాను. "తెలుసు" అంది. గుల్‌జాన్ ఎలా ఉండేదని అడిగాను. చాలాసేపు చెప్పింది.

జూన్ 29, ఆదివారం

వెళ్ళాను.

ఎండ. పాప్లర్ చెట్ల దూది వాకిలంతా ఎగురుతోంది. ఐదంతస్తుల మేడ ముందు బల్ల మీద దమీరా, ఇంకో ఇద్దరు ముసలమ్మలు. నేను వెళ్ళేసరికి ముగ్గురూ మాటలాపారు. ఆ ఇద్దరికీ అంతా తెలుసని వాళ్ళ చూపుల్లోనే తెలిసింది.

"కూచో, ప్లీడరు గారూ" అంది దమీరా, కొంచెం జరిగి. బల్ల చివర కూచున్నాను.

సంజార్ ఆ దూది వెంట పరుగెడుతున్నాడు. పట్టుకుని, గుప్పిట తెరిచి చూసి, లేదని తెలిసి ఆశ్చర్యపోతున్నాడు. మళ్ళీ పరుగు. వాడి చెవుల్లోంచి ఎండ ఎర్రగా కనిపిస్తోంది. పైన బాల్కనీలో బట్టలు ఆరేస్తూ బెగాయిమ్.

పక్కింటి కుర్రాడొకడు సైకిల్ మీద పోతుంటే సంజార్ చెయ్యెత్తి "అన్నా!" అన్నాడు. గ్యాస్ సిలిండర్ మోసే అతను వచ్చాడు. "అన్నా!" వాడికి కొత్తగా వచ్చిన మాటట. మీసం వచ్చిన ప్రతివాణ్ణీ అలాగే పిలుస్తున్నాడట.

వాడి రబ్బరు బంతి దొర్లి, ఆగి ఉన్న కారు కిందికి పోయింది. వంగి చూశాడు. చెయ్యి పెట్టాడు, అందలేదు. లేచి, వాకిలంతా కలియజూశాడు. దమీరాని చూశాడు. ముసలమ్మల్ని చూశాడు. నా దగ్గర ఆగాడు.

తూలుకుంటూ వచ్చాడు. నా ప్యాంటు మోకాలి దగ్గర పట్టుకుని లాగాడు.

"అన్నా."

దమీరా నన్ను చూస్తోంది, నేనేం అంటానో అని. పైన బాల్కనీలో బట్ట దులుపుతున్న చప్పుడు ఆగిపోయింది. అన్న కాదు అని చెప్పడానికి నా దగ్గర ముద్ర వేసిన కాగితం ఉంది. జేబులోనే ఉంది.

"ఊఁ, చెప్పు" అన్నాను.

కారు వైపు చూపించాడు. వెళ్ళి, నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి చాపాను. వాడు కూడా నా పక్కనే బోర్లా పడుకున్నాడు.